పంటి మీది మరక

ప్రియ చదువరీ, గడచిన ఆదివారమున నీవు గుడిలో ఎవరి ప్రక్కను కూర్చుంటివి? ఎవరు వచ్చి ప్రక్కను కూర్చున్నప్పుడు చాపమీద కొంచెము ఇవతలికి జరిగితివి? మొదటి ప్రశ్నకు జవాబు ఎవరైనను చెప్పుదురు. రెండవదాని జవాబు నీ మనస్సులోనే ఉంచుకొనుము. నేను మాత్రము నా సంగతి చెప్పుకొనక తప్పదు. ఇతరుల తప్పుతో ప్రారంభమైన వ్యాసమును నీవు నమ్మవు, నమ్మనక్కరయు లేదు.

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు పెద్ద రోడ్డున ఎల్.బి.నగర్, వనస్థలిపురము, హయత్‌నగర్ దాటిన మీదట పెద్ద అంబర్‌పేట్ వచ్చును. నగరము చుట్టు వలయముగా వేసిన 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఈ మార్గమును కలియునది అచ్చటనే. ఒకప్పుడు పొలములున్న చోట ఇప్పుడు ఇండ్ల స్థలములు, గోదాములు, లారీల మరమ్మతు షెడ్లు కనబడుచున్నవి. అక్కడ ఒక చిన్న సంఘము కలదు. అందులో సగముమంది చుట్టుప్రక్కల పల్లెలవారు. మిగిలినవారు నల్లగొండ వైపు నుండి పనికొరకు వచ్చినవారు: సుతారి పనివారు, కూలీలు, కాపలావారు, లారీ క్లీనర్లు. కొన్ని సంవత్సరముల క్రిందట కోతపండుగనాడు వాక్యము చెప్పుటకు వారు నన్ను పిలిచిరి.

ఆరాధనకు ముందు సంఘపెద్ద ఒక యౌవనస్థుని నాయొద్దకు తీసికొనివచ్చి, "అయ్యగారూ, ఈ పొద్దు పాఠము ఈ పిలగాడు చదువుతడు. మంచిగ చదువుతడు" అనెను. అతడు పందొమ్మిది ఇరువది ఏండ్లవాడు. చొక్కా పాతదే గాని ఉతికినది. నన్ను చూచి వినయముగా నవ్వెను. ఆ నవ్వులో నాకు కనబడినవి అతని పండ్లు. ముందరి పండ్లన్నియు గోధుమరంగు చారలతో, అక్కడక్కడ నల్లని గుంటలతో ఉండెను.

నా మనస్సు ఎంత త్వరగా పనిచేసెనో చూడుము. గుట్కా నములువాడు కాబోలు అనుకొంటిని. కాడేని పండ్లు తోముకొనని సోమరి. ఈ నోటితో దేవుని వాక్యము చదువుటయా? పండుగ గదా, క్రొత్తవారు చాలమంది వచ్చియున్నారు గదా అని నాకు నేనే సాకు చెప్పుకొని, "ఇంకొకసారి చదువుదువు గానిలే, బిడ్డా" అని అతని భుజము తట్టి, ఇస్త్రీ చొక్కా వేసికొనియున్న మరియొకనికి పుస్తకము ఇచ్చితిని. ఆ పిల్లవాడు పెదవులు మూసికొని ప్రక్కకు పోయెను. భుజము తట్టితిని గనుక ప్రేమతోనే చెప్పితినని నేను తలంచితిని.

భోజనముల వేళ అతని తల్లి నా విస్తరి దగ్గరకు మజ్జిగ తెచ్చి, వంగి, ఇతరులకు వినబడకుండ చెప్పెను: "అయ్యగారూ, మావోనికి గుట్కా అలవాటు లేదయ్యా. మా ఊరి నీళ్లు అసుంటియి. చిన్నగున్నప్పుడు ఇటుకపొడి వెట్టి తోముకుంటుండె. చిగుర్లల్ల నెత్తురు కారేది గని మరక పోకపోయె."

నేను ఆమెను ఏమియు అడుగలేదు. గుట్కా అను మాట నా నోటనుండి రాలేదు. అయినను ఆమె జవాబిచ్చెను. ఎందరి కన్నులలో ఆ ప్రశ్న చదివి చదివి ఆ తల్లి ఈ జవాబును సిద్ధపరచుకొనెనో! బడిలో తోటిపిల్లలు, కొలువు అడుగబోయినచోట యజమాని, పెండ్లిచూపులకు వచ్చినవారు, కడపట వాక్యము చెప్పుటకు వచ్చిన నేను.

వారి ఊరు మునుగోడు దగ్గర. ఆ ప్రాంతపు సంగతి నేను ఎరుగనివాడను కాను, నా సిగ్గు అందువలన రెట్టింపైనది. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతముల భూగర్భజలములో ఫ్లోరైడు అను లవణము హెచ్చుగా నున్నది. నేల అడుగునున్న గ్రానైటు రాతిలోని ఖనిజముల నుండి అది నీటిలో కరగును. త్రాగు నీటిలో అది లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అక్కడి బావులలో, బోర్లలో అనేకమందు దానికి ఎన్నో రెట్లు ఉండెను. ఆ నీటికి రంగు లేదు, వాసన లేదు. కడవలో పోసి చూచిన యెడల నీ ఊరి నీటికంటె తేటగానే కనబడవచ్చును. కాచినను ఆ లవణము పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలినదానిలో అది ఇంకను చిక్కబడును.

ఇక పండ్ల సంగతి. పసిబిడ్డ పాలపండ్లతో నవ్వుచున్న కాలముననే, దవడ లోపల శాశ్వతపు పండ్లు తయారగుచుండును. సుమారు ఎనిమిదవ ఏటి వరకు జరుగు ఆ పనిలో, పంటి పైపొర కట్టుచుండగనే, ఈ నీటి దోషము దానిలో కలిసిపోవును. పన్ను చిగురును చీల్చుకొని బయటికి వచ్చునప్పటికే అది చెడియుండును. వేపపుల్ల గాని, బొగ్గుపొడి గాని, అంగడిలో కొన్న పేస్టు గాని దానిని కడుగజాలవు. ఇటుకపొడి సంగతి ఆ తల్లి చెప్పనే చెప్పినది. ఆ నీటిని ఎక్కువ కాలము త్రాగినవారికి ఎముకలకే ముప్పు కలుగును. వెన్నెముక కొయ్యవలె బిగిసిపోవును, కీళ్లు కదలవు, కొందరు పిల్లల కాళ్లు వంకరపోవును. ఆ పల్లెలలో నడివయస్సుననే కఱ్ఱ పట్టుకొని వంగి నడచువారిని నేను చూచితిని. ఆ ఊళ్ల పిల్లను చేసికొనుటకు, ఆ ఊళ్లకు పిల్లనిచ్చుటకు వెనుకాడినవారిని గూర్చి వింటిని. నవ్వు వచ్చినప్పుడెల్ల కొంగు నోటికి అడ్డము పెట్టుకొను స్త్రీలను చూచి, ఆహా, ఎంత మర్యాద అని మెచ్చుకొంటిని కూడ.

మన తెలుగునాట ఈ వ్యాధిని గూర్చి వైద్యులు మొదట వ్రాసినది 1937లో, నాటి నెల్లూరు జిల్లా పల్లెలను పరీక్షించి. రైతులు అంతకుముందే తమ పశువులలో కుంటితనము చూచి కలవరపడియుండిరి. ఎద్దు కాళ్లు ఈడ్చిన యెడల రైతు, దీనికి ఏమి మేపితిని, ఏ నీళ్లు పెట్టితిని అని విచారించును. మనుష్యుని విషయములో మనము ఆపాటి విచారణ చేయము.

అమెరికా దేశములోను ఇట్టిదే జరిగినది. ఫ్రెడరిక్ మెకే అను దంతవైద్యుడు 1901లో కొలరాడో స్ప్రింగ్స్ అను పట్టణమునకు వచ్చెను. అక్కడ పుట్టి పెరిగినవారిలో అనేకుల పండ్లమీద ఈ గోధుమరంగు మరకలే. పందిమాంసము ఎక్కువ తినుటవలన అని కొందరు, పాలు మంచివి కానందున అని కొందరు జనులు చెప్పుకొనుచుండిరి. మెకే మాత్రము ఊరూర తిరిగి నోళ్లు తెరిపించి చూచెను. పెద్దవారై ఆ పట్టణమునకు వచ్చినవారికి మరక లేదనియు, అక్కడనే బాల్యము గడిపినవారికే ఉన్నదనియు కనుగొనెను. మరియొక వింత ఏమనగా, మరకపడిన ఆ పండ్లు మామూలు పండ్లకంటె పుచ్చిపోవుట తక్కువ. ఎవరిని మురికివారని లోకము అనుకొనెనో వారి పండ్లే గట్టిగా ఉండెను! 1931లో చర్చిల్ అను రసాయన శాస్త్రవేత్త నీటిని పరీక్షించి ఫ్లోరైడును పట్టుకొనెను. ముప్పది ఏండ్ల విచారణ! నాకైతే పెద్ద అంబర్‌పేటలో రెప్పపాటు కాలము చాలినది.

ఆ దినము సాయంకాలము తిరిగి వచ్చుచు బస్సులో కూర్చుండి నేను నీటిని గూర్చి ఆలోచించితిని. నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది 1955 డిసెంబరు 10న. 1967లో కాలువలకు నీరు వదలిరి. కృష్ణానది నల్లగొండ జిల్లా అంచునే పారుచున్నది గాని, కాలువ పల్లమునకు పారును, మెట్టకు ఎక్కదు. మునుగోడు మర్రిగూడ వైపు పల్లెలు మెట్టమీద నుండెను. అయితే హైదరాబాదు నగరముకూడ మెట్టమీదనే యున్నది గదా! నగరమునకు ఆ నీరు ఎక్కినది. 2004 నుండి అదే జిల్లాలోని అక్కంపల్లి జలాశయపు నీటిని కోదండాపురములో శుద్ధిచేసి, పంపులతో పైకెత్తి, పెద్ద గొట్టములలో నగరపు తూర్పు కొననున్న సాహెబ్‌నగరునకు తెచ్చుచున్నారు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వైపు ఇండ్లలో మనము ముఖము కడుగుకొను కృష్ణానీరు అదియే. ఆ పల్లెల మేర దాటి వచ్చిన నీటితో పండ్లు తోముకొని, ఆ పల్లెల పిల్లవాని పండ్లు చూచి నేను ముఖము చిట్లించితిని.

న్యాయముగా ఒక మాట చెప్పవలెను. ఆ ప్రజలు మౌనముగా ఉండలేదు. ఏండ్ల తరబడి నీళ్లకొరకు పోరాడిరి. పటికయు సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు ఒక పద్ధతిని 1970ల దశకమున నాగపూరు పరిశోధన సంస్థవారు కనిపెట్టి, దానికి నల్లగొండ పేరే పెట్టిరి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముతో నదినీరు ఆ పల్లెలకును గొట్టములలో వచ్చినది. ఇప్పుడు పుట్టు బిడ్డల పండ్లు తెల్లగా రావలెనని మన ప్రార్థన. అయితే ఇదివరకే వచ్చిన పండ్లు మారవు. ఆ నవ్వులు ఇంకను ఏబది అరువది ఏండ్లు మన మధ్య తిరుగును.

ఇంతవరకు చదివి నీవు ఒక మాట అడుగుదువు, అది నిజమైన మాటయే: "అయ్యా, ఆ పిల్లవాని తప్పు లేదు, సరే. అతడు శుభ్రమైనవాడే, మరక నీటిది. అయితే నిజముగా మురికిగా ఉండువారి మాటేమి? అందరికిని ఫ్లోరైడు సాకు ఉన్నదా?"

లేదు. తప్పు లేని వానిని క్షమించుట గొప్ప సంగతి కాదు గనుక, ఈ ప్రశ్నను దాటిపోవుటకు వీలు లేదు.

పెద్ద అంబర్‌పేటకు ఉత్తరమున మూసీనది పారుచున్నది. నగరములోని ఇండ్ల మురుగు, ఫ్యాక్టరీల మురుగు అందులో కలిసి, తూర్పుగా పల్లెల మీదుగా సాగి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. నగరము మంచినీరు తెచ్చుకొనునది నల్లగొండ నుండి, వాడి పారబోసినది పోవునదియు నల్లగొండకే. మూసీ ఒడ్డు పల్లెలలో ఆ నీటితోనే వరి, పశువుల గడ్డి పండించుదురు. ఆ మడులలో దిగి కలుపు తీయు స్త్రీల కాళ్లు దురదలు పుట్టును. సాయంకాలము స్నానము చేసినను ఒక వాసన వారిని విడువదు. అట్టి స్త్రీలు ఆరాధనకు వచ్చి కడపటి చాపమీద, తలుపు ప్రక్కను కూర్చుందురు. అక్కడ కూర్చుండుడని వారికి ఎవరును చెప్పలేదు. వాసన ఉన్నదా? ఉన్నది. నీ ముక్కు అబద్ధమాడలేదు. అయితే ఆ వాసన ఎవరిది? ఆమె ఇంటిలో పుట్టినదా, నా స్నానాలగది తూములో పుట్టినదా?

ఇటువంటి లెక్క మనకు క్రొత్తది కాదు. నా ముత్తాత తోళ్లు ఊనినవాడు. సున్నపు తొట్టిలో, తంగేడుచెక్క నీటిలో చేతులు నానిన మనిషి. ఆ వాసన ఎంత కడిగినను పోయెడిది కాదని మా నాయనమ్మ చెప్పెడిది. ఊరివారు ఆయన కుట్టిన చెప్పులు తొడుగుకొనిరి. ఆయన కుట్టిన తోలుబొక్కెనను మోటబావిలో దింపి పొలములకు నీళ్లు తోడిరి. ఆయనను మాత్రము బావిగట్టు ఎక్కనియ్యలేదు. ఎందుకనగా, మురికివాడు! కడుగుకొనుటకు నీరు ఇయ్యక, కడుగుకొనలేదని తీర్పు తీర్చిరి. 1927లో మహద్ అను ఊరిలో అంబేద్కరుగారు వేలమందితో వెళ్లి చెరువునీళ్లు దోసిట పట్టి త్రాగినది ఈ తీర్పుమీదనే.

మన సంఘములు ఇట్టి ప్రజలలోనే పుట్టెను. ఒంగోలులో క్లౌ దొరగారు 1866లో పని ప్రారంభించినప్పుడు ఆయన యొద్దకు వచ్చినవారిలో ముందటివాడగు యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారము చేయువాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ నీటిలో దిగుటకు ఎవని అనుమతియు అడుగనక్కర లేకపోయెను. తరువాత మిషనరీలు మన తాతలకు సబ్బు, దువ్వెన, ఆదివారపు తెల్లబట్ట అలవాటుచేసిరి. అది మేలే. కలరా, గజ్జి, కన్నుల జబ్బు తగ్గినవి. తన ఉతికిన చొక్కాలో తలయెత్తి నడచిన మా తాతకు అది ఉత్త గుడ్డ కాదు. అయితే ఎక్కడనో ఒక మలుపులో ఆ తెల్లబట్ట మనకు కొలబద్దయైనది. శుభ్రముగా నున్నవాడు మారుమనస్సు పొందినవాడనియు, మురికిగా నున్నవాడు ఇంకను పాపములో నున్నవాడనియు అనుకొనుటకు అలవాటుపడితిమి. మా ముత్తాతను బావిగట్టు దింపిన తీర్పును ఆయన మునిమనుమడనైన నేను పెద్ద అంబర్‌పేటలో పుస్తకము చేతబట్టుకొని ఇచ్చితిని.

సరే, ఇంకొక అడుగు పోవుదము. నీరున్నది, సబ్బున్నది, తీరిక ఉన్నది, అయినను కడుగుకొనని మనిషి ఒకడున్నాడనుకొందము. ఉందురు, నేను ఎరుగుదును. అతనిని చూచి నీవు తెలిసికొన్నదేమి? అతడు కడుగుకొనలేదని తెలిసికొంటివి. అంతవరకు నిజమే. అతడు అప్పు తీర్చువాడా కాడా, భార్యను కొట్టునా కొట్టడా, రాత్రివేళ నీ బిడ్డకు జ్వరము వచ్చిన యెడల ఆటో తెచ్చునా తేడా, ఇవి ఏవియు అతని గోళ్లమీద వ్రాసిలేవు. మా పల్లెలో తెల్లని చొక్కా, నూనె పెట్టి దువ్విన తల, అత్తరు వాసనతో ఒక పెద్దమనిషి చిట్టీలు నడిపెను. అతని గోళ్లు నేను ఇప్పటికిని మరువలేదు, అంత చక్కగా కత్తిరించియుండెను. ఇరువది కుటుంబముల సొమ్ముతో ఒక రాత్రి ఊరు విడిచిపోయెను. మురికివానిని అన్యాయముగా త్రోసివేయు కన్నే శుభ్రమైన దొంగను నమ్మును. ఒంటె రోమముల బట్ట కట్టుకొని అరణ్యము నుండి బాప్తిస్మమిచ్చు యోహాను నేడు మన గుడి వాకిటికి వచ్చిన యెడల, ప్రసంగపీఠము మాట అటుంచి, లోనికైనను రానిత్తుమా అని నాకు సందేహము.

రెండవ సమూయేలు గ్రంథములో ఒక సంగతి ఉన్నది, ప్రసంగములలో తరచుగా వినబడదు. అబ్షాలోము తిరుగుబాటు చేయగా దావీదు యెరూషలేము విడిచి పారిపోయెను. సౌలు మనుమడైన మెఫీబోషెతు కుంటివాడు, వెంట పోలేకపోయెను. అతని సేవకుడగు సీబా మాత్రము గాడిదలమీద రొట్టెలు, ద్రాక్షపండ్లు, ద్రాక్షారసము వేసికొని సొగసుగా రాజునకు ఎదురువచ్చి, నా యజమానుడు నీ సింహాసనమునకు ఆశపడి యెరూషలేములో నిలిచిపోయెనని కొండెము చెప్పెను. రాజు నమ్మి, అక్కడికక్కడే తీర్పు తీర్చి మెఫీబోషెతు ఆస్తి యావత్తు సీబాకు ఇచ్చివేసెను. యుద్ధము ముగిసి దావీదు తిరిగి వచ్చినప్పుడు మెఫీబోషెతు అతనికి ఎదురువచ్చెను. ఎట్లు వచ్చెను? రాజు వెళ్లిన నాటినుండి కాళ్లు కడుగుకొనక, గడ్డము కత్తిరించుకొనక, బట్టలు ఉతుకుకొనక వచ్చెను. ఆ దినము అతనిని వీధిలో చూచినవారు ఏమనుకొనియుందురు? కుంటివాడు, పైగా ఎంత అసహ్యము అని అనుకొనియుందురు. ఆ మురికి అతని దుఃఖము. మాటలతో రుజువు చేసికొనలేని తన నమ్మకత్వమును అతడు ఒంటిమీద మోసికొని వచ్చెను. దావీదంతటివాడును అప్పుడు తన మొదటి తీర్పును పూర్తిగా దిద్దుకొనలేక, ఆస్తిలో సగము సీబాకే ఉండనిచ్చెను. ఒకసారి పలికిన తీర్పును వెనుకకు తీసికొనుట రాజులకే కష్టమైనది.

మన వీధిలోను మెఫీబోషెతులు ఉందురు. భార్య చనిపోయిన తరువాత గడ్డము గీచుకొనుట మానినవాడు, బిడ్డను పోగొట్టుకొని తల దువ్వుకొనని తల్లి, మనస్సు కలతచెంది స్నానమంటేనే భయపడు పిల్ల. వీరిని చూచి సోమరులని అనుట ఎంత సులభము! మంచముమీద నుండి లేచి చెంబెడు నీళ్లు పోసికొనుటకు కూడ బలము చాలని దినములు కొందరికి వచ్చును. నీకు రాలేదేని దేవునికి స్తోత్రము.

నేను మురికిని పొగడుచున్నానని తలంచకుము. చెప్పవలసినది చెప్పవలెను. బడిపంతులు పిల్లవాని గోళ్లు చూచి కత్తిరించుకొమ్మనుట తీర్పు కాదు. మిత్రుని ప్రక్కకు పిలిచి, అన్నా, చొక్కా మార్చుకొనుము, వాసన వచ్చుచున్నదని ముఖముమీద చెప్పుట ప్రేమయే, దానికి ధైర్యము కావలెను. వైద్యుడు రోగి ఒంటిని చూచి రోగమును చదువును, బాగుచేయుటకే చదువును. ప్రభువు శిష్యుల కాళ్లకు దుమ్ము ఉన్నదని చూడలేదనుకొందువా? చూచెను గనుకనే పళ్లెములో నీళ్లు పోసెను. ఎవని కాళ్లు ఎంత మురికియో ఆ రాత్రి ఆయనకు తెలిసినట్లు మరి ఎవరికిని తెలియదు. అయినను ఆ సంగతి ఆయన ఎవరితోను అనలేదు. నేను ఆ పిల్లవానితో, "బిడ్డా, నీ పండ్లకు ఏమైనది?" అని అడిగియుంటినేని, అది మొరటు ప్రశ్నయే గాని అతడు జవాబు చెప్పియుండును, నేను నేర్చుకొనియుందును. నేను అడుగలేదు. నవ్వి భుజము తట్టితిని.

మరుసటి నెల నేను మరల పెద్ద అంబర్‌పేటకు పోతిని. ఎవరును పిలువలేదు, నేనే పోతిని. ఆ తల్లి నన్ను చూచి దణ్ణము పెట్టెను. పిల్లవాడు పనినుండి ఆలస్యముగా వచ్చి కడపట కూర్చుండెను. సంఘపెద్దతో చెప్పి అతనిని పిలిపించి, "బిడ్డా, ఈ పొద్దు పాఠము నీవే చదువవలెను. పోయినసారి నేను తప్పు చేసితిని" అంటిని. అతడు, "అదేం లేదు అయ్యగారూ" అనెను. పెదవులు విప్పీ విప్పక అనెను.

ముందుకు వచ్చి చదివెను. సంఘపెద్ద చెప్పినది నిజమే, మంచిగా చదివెను. ప్రతి అక్షరము స్పష్టముగా, ఎక్కడ ఆగవలెనో అక్కడ ఆగి చదివెను. అయితే పుస్తకమును బల్లమీద పెట్టలేదు. రెండు చేతులతో ఎత్తి నోటికి అడ్డముగా పట్టుకొనెను. నాకు అతని నుదురును కన్నులును మాత్రము కనబడుచుండెను. పాఠము ముగిసి తన చాపయొద్దకు తిరిగి పోవువరకు దానిని దింపలేదు.